లేత గులాబీ చీర మీద రెండు మరకలు

నేను ఒక ప్లాస్టిక్ సీసాను. ఈ క్షణాన నా మెడ ముక్తేశ్వర్రావు పిడికిట్లో ఉంది.

"దొరికిందండీ! ముద్దాయి దొరికేసింది!" అని అరిచాడతను, నన్ను గాలిలో ఊపుతూ. "క్యారేజీ సంచిలో, పెరుగన్నం డబ్బా ఎనకాల దాచాడండి, ఎదవన్నర ఎదవ!"

దాచలేదు. రోజూ నేనుండే చోటే అది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ నోళ్ళున్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు.

అమలాపురం మెయిన్ రోడ్డులో కుంకుమరేఖ సిల్క్స్ అని మూడంతస్తుల బట్టల దుకాణం. మొదటి అంతస్తు అంతా పట్టుచీరలే. బుధవారం, మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. కింద పరిచిన తెల్ల పరుపుల మధ్య సేల్స్‌మన్ దొరబాబు నిలబడి ఉన్నాడు. ప్యాంటూ చొక్కా మీద ఉప్పాడ పట్టుచీర చుట్టుకుని, కుచ్చెళ్ళు దోపుకుని, కొంగు భుజం మీదుగా వదిలి, బోనులో నిలబెట్టినవాడిలా ఉన్నాడు. లేత గులాబీ రంగు చీర, వెండి జరీ అంచు. ఆ గులాబీ మీద, కొంగు భుజం దాటే చోట, పక్కపక్కనే రెండు మరకలు. ఒక్కొక్కటి తమలపాకంత. నూనె మరకలు.

"మా అమ్మాయి పీటల మీద కట్టుకునే చీరండీ ఇది!" అంది సీతారావమ్మ. ముమ్మిడివరం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి. ఈ చీర కోసం మూడు దుకాణాలు తిరిగి, చివరికి ఇదే కావాలని కూర్చుంది. "ఎవడో మొకం తుడుచుకున్న గుడ్డ నాకంటగడతారా? మేం పల్లెటూరోళ్ళం కదా, ఏదైనా కళ్ళు మూసుకుని కొనేత్తాం అనుకున్నారా?"

"అమ్మగారూ, నేను..." అన్నాడు దొరబాబు.

"నువ్వు నోరుముయ్యి. నీ మొకం మీంచే అంటింది. అదుగో, నీ దవడ పక్కనే ఉంది మరక."

ఆ మాట నిజం. మరక ఉన్న చోటు దొరబాబు దవడకి జానెడు దూరం కూడా లేదు. అతని దవడ ఆ ఉదయమే నున్నగా గీసి ఉంది. ఆ నునుపు మీద పూసి ఉన్న లోషన్ నేనే. సాక్ష్యం, ఆయుధం, దొంగ సొత్తు, అన్నీ నేనే.

ముక్తేశ్వర్రావు ఆ అంతస్తుకి సూపర్‌వైజర్. అతను నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. "షావుకారుగారిని పిలవండమ్మా సత్యవేణీ," అన్నాడు పక్కనున్న సేల్స్ అమ్మాయితో. "జిడ్డుబాబు సంగతి ఇవాళ తేలిపోవాలి."

షావుకారు పైఅంతస్తు నుంచి దిగి వచ్చేలోగా నా సంగతి చెబుతాను. ముందే చెబుతున్నాను, నాకు మనుషులంటే పడదు. పడకపోవడానికి కారణాలు నేను పుట్టిన గంటలోనే మొదలయ్యాయి.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డు. అందులో ఒక పెద్ద స్టీలు పీపా. ఆ పీపాలో బోలెడు నీళ్ళు, కొంచెం గ్లిజరిన్, కొంచెం కలబంద గుజ్జు, పాడవకుండా చిటికెడు మందు. కలిపి, తిప్పి, చల్లార్చి, గొట్టం పెట్టి సీసాల్లో నింపారు. మొదటి వరస సీసాలకి తెల్ల మూత పెట్టి మామూలు పేరు అంటించారు. అందులో నేనున్నాను. గొట్టం ఆపకుండానే రెండో వరస వచ్చింది. వాటికి బంగారు రంగు మూత, మీద పడవలాంటి బొమ్మ, నోరు తిరగని ఫ్రెంచి పేరు. ఖరీదు నాకు నాలుగింతలు. ఒకే పీపా, ఒకే గొట్టం. నా పక్కనున్న బంగారు మూతవాడు లారీలో వచ్చినంతసేపూ నాకు తగలకుండా ఒదిగి కూర్చున్నాడు. మనుషులు మూత పెట్టడంతోనే బుద్ధి కూడా పెట్టేస్తారని అప్పుడు తెలిసింది.

ఇద్దరం అమలాపురం బస్టాండు ఎదురుగా ఉన్న ఒక ఫ్యాన్సీ షాపుకి చేరాం. దాన్ని నడిపేది మంగతాయారు. ఆవిడ వాణ్ణి కళ్ళెదురుగా అద్దాల్లో పెట్టింది. నన్ను దోమల చక్రాల పక్కన, కింది అరలో పెట్టింది. ఆరు నెలలు నా మీద దుమ్ము పేరుకుంది.

ఒక సాయంత్రం దొరబాబు వచ్చాడు. వాడి మొహం చూస్తే జాలి వేయలేదు, చిరాకేసింది. దవడల కింద ఎర్రటి పొక్కులు. మెడ మీద గీతలు. చర్మం సున్నం రాలిన గోడలా పొట్టు లేచి ఉంది.

"ఏం కావాలయ్యా?" అంది మంగతాయారు.

"గెడ్డం గీసుకున్నాక రాసుకునేదండి. తేలిగ్గా ఉండాలి. జిడ్డుండకూడదు. వాసనుండకూడదు. మంట పుట్టకూడదు. ఖరీదు కూడా ఉండకూడదు."

"అయితే కుళాయి కింద మొకం పెట్టు. అన్నీ కుదిరేది అదొక్కటే."

దొరబాబు నవ్వలేదు. నవ్వితే పొక్కులు లాగుతాయి. కుంకుమరేఖ సిల్క్స్‌లో మగవాళ్ళంతా రోజూ గడ్డం గీసుకుని రావాలని రూలు. మంగళవారమైనా, శుక్రవారమైనా, ఇంట్లో పెద్దవాళ్ళు వద్దని మొత్తుకున్నా సరే. రోజంతా ఏసీలో నిలబడాలి. పైగా వాడి పని మాటలతో చీరలమ్మడం కాదు. చీర చుట్టుకుని అమ్మడం. వచ్చిన ఆడవాళ్ళ ముందు చీరను ఒంటికి చుట్టుకుని, కొంగు భుజానేసుకుని, అద్దం వైపు ఒక్క తిరుగుడు తిరుగుతాడు. పీకలదాకా కోపంతో వచ్చిన మనిషి కూడా ఆ తిరుగుడుకి మెత్తబడి, "అది కట్టండి" అంటుంది. ఆ అంతస్తులో దొరబాబు భుజం మీంచి వెళ్ళినన్ని చీరలు ఇంకెవరి చేతిమీదుగానూ వెళ్ళవు.

ఒకప్పుడు ఆ పని ముక్తేశ్వర్రావుది. సూపర్‌వైజర్ని చేశాక అతను మానేశాడు. కానీ మెట్లెక్కి వచ్చిన ఆడవాళ్ళు అతని ముందు నుంచే నడిచి వెళ్ళి, "దొరబాబు లేడా?" అనడం మానలేదు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ అతని పళ్ళు కొరికిన చప్పుడు క్యారేజీ సంచిలో ఉన్న నాకు కూడా వినబడుతుంది.

పట్టు ఎలాంటిదంటే, బుగ్గ మీద చిన్న పొక్కున్నా పోగు పట్టుకుంటుంది. చర్మం పొడిబారితే పొట్టు రాలి జరీలో ఇరుక్కుంటుంది. పోనీ క్రీము రాస్తే అంటుకుంటుంది. దొరబాబు అన్నీ చేసి చూశాడు. పటిక రుద్దాడు, మొహం బిగిసి ఎండుచేపలా అయింది. స్పిరిటు వాసన కొట్టే లోషన్ చల్లుకున్నాడు, కళ్ళంట నీళ్ళు వచ్చాయి. చలికాలంలో వాడే మందపాటి క్రీము రాశాడు. హాయిగా ఉంది. కానీ ఆ రోజే ఒక మంగళగిరి పట్టుచీరకి వేలెడంత జిడ్డు అంటింది. టాల్కం పౌడరు చల్లి, ఇస్త్రీ పెట్టి తీసేశారు. మరక పోయింది. పేరు పోలేదు. ముక్తేశ్వర్రావు ఆనాటి నుంచి వాణ్ణి జిడ్డుబాబు అనే పిలిచాడు.

అందుకే ఆ సాయంత్రం దొరబాబు జేబులోంచి ఒక పట్టు జాకెట్టు ముక్క తీశాడు.

"శాంపిల్ చుక్క వెయ్యండి," అన్నాడు చెయ్యి చాపి.

"నా షాపేమన్నా ఆసుపత్రా? కొంటావా, పరీక్షలు చేస్తావా?" అంది మంగతాయారు. అంటూనే విసుగ్గా మూడు సీసాల మూతలు తిప్పింది.

దొరబాబు ముంజేతి మీద మూడు చారలు పూసుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆరేదాకా చూశాడు. ఒక్కో చార మీద జాకెట్టు ముక్క గట్టిగా అదిమి ఎండకి పట్టుకుని చూశాడు. మొదటిది ఏదో రోజా పువ్వుల క్రీము. ముక్క మీద నూనె చుక్క పడ్డట్టు గుండ్రటి మచ్చ. రెండోది బంగారు మూతవాడు. మచ్చ లేదు. మూడోది నేను. మచ్చ లేదు.

"ఈ రెండూ ఒకటేలాగున్నాయండి," అన్నాడు.

"ఎలాగుంటాయయ్యా? దానికి బంగారు మూత!"

దొరబాబు రెండు చారలూ మళ్ళీ వాసన చూశాడు, వేలితో రుద్దాడు, ధరలు చూశాడు. ఆ తరవాత చేసిన పనికి వాణ్ణి మిగతా మనుషులకన్నా ఒక్క మెట్టు పైన పెట్టాను. బంగారు మూతవాణ్ణి అద్దాల్లోకి తోసేసి నన్ను తీసుకున్నాడు. అంతమాత్రాన వాడంటే నాకు ఇష్టం పుట్టిందనుకోకండి. రోజూ నా గొంతు నొక్కేవాడి మీద ఇష్టమేమిటి? కానీ వాడి పొక్కులు పది రోజుల్లో అణిగాయి. గీసిన చెంప మీద నేను పడగానే చల్లగా ఇంకిపోయేదాన్ని, వాడు చొక్కా తొడుక్కునేలోగా నా జాడ ఉండేది కాదు. ఆరు వారాల్లో నా వల్ల ఏ చీరకీ సూది మొనంత మచ్చ పడలేదు.

అలాంటి నన్ను పట్టుకుని ముద్దాయి అంటున్నారు.

పద్మనాభం గారు మెట్లు దిగారు. దుకాణం ఆయనది. అరవై దాటిన మనిషి, మల్లెపువ్వులాంటి పంచె, నిగనిగలాడే బుగ్గలు. ఆయన వస్తుంటే సేల్స్‌మన్లు పరుపు అంచులు సర్దడం మొదలుపెట్టారు. ఆయన చీర చూశారు, మరక చూశారు, ముక్తేశ్వర్రావు చేతిలో నన్ను చూశారు.

"ఏటిది?"

"దొరబాబు మొకానికి రాసుకునే లోషనండి. రోజూ పూసుకొస్తాడండి ఆడంగిలాగ. ఆయ్, అంటుకుంటదని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండి."

"గెడ్డం గీసుకుంటే మగాడివి, మళ్ళీ దానికి పూతలేంటిరా?" అన్నారు పద్మనాభం గారు. "మా నాన్న గీసుకోలేదా, నేను గీసుకోట్లేదా? ఈ షాపు పెట్టి ముప్పయ్యేళ్ళు. ఒక్క చీర మీద మరక పడిందన్న మాట ఈ వీధిలో పుట్టలేదు. ఇవాళ నీ మూలంగా పుట్టింది."

"అది నాది కాదండి," అన్నాడు దొరబాబు. భయంతో కాదు, కోపంతో. "ఇది నీళ్ళలాంటిదండి. అంటదు. కావాలంటే చూపిత్తాను."

ముక్తేశ్వర్రావు చేతిలోంచి నన్ను లాక్కున్నాడు. అందరి ముందూ అరచేతిలోకి ఇంత పోసి, రెండు దవడలకీ పట్టించి, సీలింగ్ ఫ్యాను కింద నిలబడ్డాడు. సీతారావమ్మ నడుం మీద చెయ్యేసి చూసింది. పక్క పరుపు దగ్గర చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు బేరం ఆపి చూశారు. ఆరాక దొరబాబు ఒక తెల్ల పట్టు ముక్క తీసి చెంప మీద అదిమి, సీతారావమ్మ చేతికి ఇచ్చాడు.

ఆవిడ లైటుకి పెట్టి చూసింది. "ఏం లేదు," అంది.

"పొద్దున దట్టంగా రాసుంటాడండి!" అన్నాడు ముక్తేశ్వర్రావు వెంటనే. "ఇప్పుడు నాలుగు చుక్కలేసి నాటకాలాడుతున్నాడు. గారడీ చేస్తున్నాడండి వీడు." నన్ను మళ్ళీ గుంజుకుని పరుపు అవతలికి విసిరాడు. నా మూత పగిలింది. నాలో ఉన్నదంతా గచ్చు మీద పాకడం మొదలైంది. ఒక్కరూ వంగి నిలబెట్టలేదు. కానీ పడ్డచోటి నుంచి అందరి మొహాలూ బాగా కనిపించాయి.

"చీర విప్పు," అన్నారు పద్మనాభం గారు. "పని కూడా విప్పేసి పో. రేపట్నుంచి రావక్కర్లేదు."

దొరబాబు చెయ్యి కుచ్చెళ్ళ దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆ వీధిలో పన్నెండు పట్టు దుకాణాలున్నాయి. చీర పాడుచేసి బయటికి గెంటించుకున్నాడన్న మాట సాయంత్రం టీ తాగే వేళకి పన్నెండింటికీ చేరుతుంది. ఆ తరవాత వాడి భుజం మీద చీర వేయనిచ్చేవాడు ఈ ఊళ్ళో ఉండడు. వాడికి వచ్చిన పని అదొక్కటే.

వాడు కుచ్చెళ్ళు లాగాడు. చీర జారి పరుపు మీద కుప్పగా పడింది. సీతారావమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. కొనేది లేదని తెలిసినా వదలబుద్ధి కాలేదేమో, అంచు పట్టుకుని పొడవునా జరుపుతూ చూసింది. ఆవిడ చెయ్యి ఒకచోట ఆగింది.

"ఇక్కడా ఉన్నాయే."

ఇంకో రెండు మరకలు. మొదటివాటికన్నా చిన్నవి. ఆవిడ ఇంకా జరిపింది. మళ్ళీ రెండు, ఇంకా చిన్నవి. మళ్ళీ రెండు, బఠాణీ గింజంత.

"దీని మడతలెలా ఉన్నాయో అలా పెట్టండమ్మా," అంది సత్యవేణితో. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, చీర మీదున్న పాత గీతల వెంబడే మడత పెట్టారు. నాలుగు జతల మరకలూ వెళ్ళి ఒకదాని కింద ఒకటి కూర్చున్నాయి. పైన పెద్దవి, కిందికి వెళ్ళేకొద్దీ చిన్నవి.

సీతారావమ్మ తలెత్తింది. "మడతలో ఉండగా పడిందిది. పై నుంచి కిందికి దిగింది. ఈ అబ్బాయి నా కళ్ళముందే మడత విప్పి ఒంటికి చుట్టుకున్నాడు. అతనిదైతే ఒక్కచోటే ఉండాలి. మడతలో ఉన్న చీర ఎవరు ముట్టుకున్నారయ్యా?"

"ఈ చీర పొద్దున మూటలోంచి వచ్చిందండి," అన్నాడు దొరబాబు. వాడి గొంతుకి మళ్ళీ ప్రాణం వచ్చింది. "నేనప్పుడు కింద ఉన్నాను. మూట కోసింది ముక్తేశ్వర్రావు గారు. అల్మరాలో పెట్టింది సత్యవేణి."

"నామీదకి తోత్తావేంట్రా?" అని ముక్తేశ్వర్రావు మీదికొచ్చాడు. "నేను తాడు కోసేనంతే! చీర పట్టుకెళ్ళింది ఈ పిల్ల. పొద్దున్నే తలకి నూనె రాసుకొచ్చుంటది."

"నా తలకి నూనె రాసుకుని పది రోజులైంది, చూసుకోండి!" అని సత్యవేణి జడ ముందుకి లాగి అతని మొహం ముందు ఆడించింది. "మీరు బజ్జీలు తిన్న చేత్తో చీరలు పట్టుకుంటారని అందరికీ తెలుసు. అడగరేం?"

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుత్తందా?"

"తెలుత్తంది. అందుకే గట్టిగా మాట్లాడుతున్నాను."

పద్మనాభం గారు చెయ్యెత్తారు. "ఆపండి! ఎవరైనా సరే. వినండి, ఎవరైనా సరే. ఈ మరక ఎవడిదో వాడి చెయ్యి మళ్ళీ నా షాపులో చీర మీద పడకూడదు. తేల్చండి."

ఆ ఉదయం జరిగింది నేను చూశాను. దొరబాబు క్యారేజీ సంచిని లక్ష్మీదేవి పటం పక్కనున్న మేకుకి తగిలించి, తను కిందికి కుర్చీలు సర్దడానికి వెళ్ళాడు. సంచి నోరు తెరిచే ఉంది. ముక్తేశ్వర్రావు మూట తాడు కోశాడు. అన్నిటికన్నా పైనున్న చీర, ఈ లేత గులాబీదే, తీసి పటం ముందు పళ్ళెంలో పెట్టారు. కొత్త మూట విప్పిన రోజున ఈ దుకాణంలో అదొక పద్ధతి. మొదటి చీర అమ్మవారిది. హారతి అయ్యాక దాన్ని మడత చెదరకుండా రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకోవాలి. అప్పుడే అది అమ్మకానికి వెళుతుంది. కళ్ళకద్దుకోవడమంటే అలా తాకించి తీసేయడం కాదు. మొహమంతా చీరలో పెట్టి, స్తోత్రం పూర్తయ్యేదాకా ఎత్తకూడదు. ఆ స్తోత్రం పొడుగైనది. ఆ మొహం అప్పుడే గడ్డం గీసుకున్న మొహం. గీసుకున్న మొహానికి ఇంట్లో కాచిన నూనె దట్టంగా పట్టించడం ఆ మనిషికి తండ్రి నేర్పిన అలవాటు. కొబ్బరినూనెలో వట్టివేళ్ళూ కచ్చూరాలూ వేసి కాచిన నూనె.

ఆ పద్ధతి చేసే హక్కు ఆ దుకాణంలో ఒక్కరిదే.

సీతారావమ్మకి ఇవేవీ తెలియవు. ఆవిడ మడతపెట్టిన చీరను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం ముడిచింది. "ఇదేం వాసనర్రా బాబూ! మా మావగారు మోకాళ్ళకి రాసుకునే నూనెలాగుంది."

సత్యవేణి తీసుకుని వాసన చూసింది. అంతవరకూ బాణంలా దూసుకొచ్చిన పిల్ల, ఒక్కసారిగా చల్లబడిపోయింది. చీరను పరుపు మీద పెట్టి, వెనక్కి జరిగి, గోడ గడియారం వైపు చూడసాగింది.

"ఏమైందమ్మా? ఎవరిదో తెలిసిందా?" అంది సీతారావమ్మ.

"నాకు తెలవదండి."

ముక్తేశ్వర్రావు వంగి వాసన చూశాడు. రెండోసారి చూశాడు. ఆ మనిషి మొహంలోని నవ్వు ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు పోయింది. "పోనీలెండమ్మా," అన్నాడు గొంతు మార్చి. "ఏదో తెలీక జరిగింది. ఇదే రంగులో ఇంకో చీర చూపిత్తానండి. ఇంతకన్నా మంచి బుటాలు."

"నాకు ఇంకోటొద్దు. ఇప్పటిదాకా ఈ అబ్బాయిని నమిలేశారు కదా. వాసన చూడగానే నీకంత దయ ఎలా వచ్చింది?"

మిగతా సేల్స్‌మన్లు ఒక్కొక్కరే వచ్చి వాసన చూశారు. ఒక్కొక్కరే తల దించుకుని వాళ్ళ పరుపుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ వాసన వాళ్ళకి కొత్తది కాదు. రోజూ పొద్దున ఆ మనిషి మెట్ల మీద ఉండగానే ముందు అదే పైకి వస్తుంది. ఆ వాసన తగలగానే సెల్‌ఫోన్లు జేబుల్లోకి వెళతాయి, కూర్చున్నవాళ్ళు లేస్తారు. అంతమందికి తెలుసు. అంతమందీ మాట్లాడలేదు. నేను అప్పటికి సగం ఖాళీ అయ్యాను. ఆ నిశ్శబ్దాన్ని చూస్తుంటే మిగతా సగం కూడా పోతే బాగుండుననిపించింది.

"ఇలా తే," అన్నారు పద్మనాభం గారు. చీరను ముక్కుకి దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చారు. ఇంకోసారి పీల్చారు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు.

"ఏ వాసనా లేదే!" అన్నారు.

అబద్ధమాడలేదాయన. ముప్పయ్యేళ్ళుగా తన మొహం మీదే ఉన్న వాసన ఆయన ముక్కుకి అందడం మానేసి ఎన్నాళ్ళైందో. ఆ అమాయకత్వం ఆయన్ని ఇంకా ప్రమాదకరంగా చేసింది. చీరను పరుపు మీద పడేసి దొరబాబు వైపు తిరిగారు.

"మడతలూ లేవు, గిడతలూ లేవు. చుట్టుకునేవాడివి నువ్వు. ఇంతకుముందు మంగళగిరి చీర పాడుచేసినవాడివీ నువ్వే. అయినా పెద్దమనసుతో ఒక మాట చెబుతున్నాను. తప్పు నాదేనండి అని ఈవిడకి దణ్ణం పెట్టు. పనిలోంచి తీసెయ్యను. కింద గోడౌన్లో మూటలు మోసుకో. చీర మాత్రం మళ్ళీ ముట్టుకోకు."

అంత చెప్పి ఆయన సీతారావమ్మ వైపు తిరిగి ఇంకో చీర తెప్పించే పనిలో పడ్డారు. ముక్తేశ్వర్రావు సందు చూసుకుని దొరబాబు చెయ్యి పట్టుకుని స్తంభం పక్కకి లాగాడు.

"ఒరేయ్, తెలివుంటే ఒప్పేసుకో. గోడౌన్లో ఏసీ లేదు గానీ జీతం అదే. కాస్త చల్లబడ్డాక నేనే పైకి లాగుతాను."

"వాసన ఎవరిదో మీకు తెలుసు కదండీ."

"నాకు జలుబు."

"ఇందాక రెండుసార్లు పీల్చారు."

"పీల్చాకే వచ్చింది జలుబు. నీకూ వచ్చిందనుకో. బతికిపోతావు. లేదంటే ఈ వీధిలోనే కాదు, రాజమండ్రిదాకా నీకు పని లేకుండా చేసెయ్యగలడు ఆయన. నువ్వు చీర చుట్టుకుని తిరిగితే ఆడోళ్ళు చప్పట్లు కొడుతున్నారని ఎగురుతున్నావేమో. రేపు ఒక్కత్తీ అడగదు నువ్వెక్కడున్నావని."

దొరబాబు చెయ్యి విదిలించుకున్నాడు. తిన్నగా పరుపు దగ్గరికి నడిచాడు. ఆ దారిలో నన్ను దాటాడు. చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు, నాలో ఇంక వాడికి పనికొచ్చేది ఏమీ మిగల్లేదు.

వాడు లేత గులాబీ చీరను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మరకలు పైకి కనబడేలా మడత సర్ది, అరచేతుల మీద పళ్ళెంలా పట్టుకుని పద్మనాభం గారి ఎదురుగా నిలబడ్డాడు.

"దణ్ణం పెట్టరా. చీరెందుకు?" అన్నారాయన.

"మరక ఎవరిదో తేల్చమన్నారు కదండీ. తేలిందండి."

ముక్తేశ్వర్రావు గబగబా వచ్చాడు. "వీడి మాట వినకండి షావుకారుగారూ, మతి చెలించింది. ఒరేయ్, కిందికి పద!"

"ఉండు," అంది సీతారావమ్మ. "చెప్పనీ."

"చెప్పు మరి," అన్నారు పద్మనాభం గారు. "ఎవరు?"

దొరబాబు ఆయన మొహంలోకి సూటిగా చూశాడు.

"నన్ను పనిలోంచి తీసేత్తారో, గోడౌన్లో పడేత్తారో మీ ఇష్టమండి. చెయ్యని పనికి మాత్రం దణ్ణం పెట్టను. ఈ చీర పొద్దున మడతలో ఉండగా మొకానికి ఆనించుకున్నది ఒక్కరేనండి. ముక్తేశ్వర్రావు గారు చూశారు. సత్యవేణి చూసింది. హారతి పళ్ళెం పట్టుకున్నోళ్ళంతా చూశారు. వాసన కూడా అందరికీ తెలిసిందండి, మీకు తప్ప. ఈ రెండూ చెంపల ముద్రలండి. నావి కాదు, సత్యవేణివి కాదు."

వాడు చీరను ఆయన మొహం ఎత్తుకి లేపాడు. రెండు మరకలూ, నిగనిగలాడే రెండు బుగ్గలూ ఎదురెదురుగా నిలిచాయి.

"మీవి, పద్మనాభం గారూ."